పన్నెండు బారల లోతులో బడి

దస్తగిరమ్మ టీచరుకు బదిలీ అయిన సంగతి ఆమెకంటే ముందు ఆమె ఫోనుకు తెలిసింది. మూడో తరగతి పిల్లలచేత ఏడో ఎక్కం చెప్పిస్తున్న సమయంలో బల్ల మీదున్న ఫోను గుర్రుమంది. "ఏడార్లు" దగ్గర పిల్లలను ఆపి, అద్దాలు పెట్టుకుని చదివింది.

"అభినందనలు. రాష్ట్రంలో మీ అవసరం అందరికంటే ఎక్కువగా ఉన్న గ్రామానికి మిమ్మల్ని ఎంపిక చేయడమైనది. గ్రామం: కొలిమిపల్లె. ఎల్లుండి ఉదయం తొమ్మిది గంటలలోగా విధుల్లో చేరగలరు. ఇట్లు, సమదర్శి."

ఆమె రెండోసారి కూడా చదివింది. రెండోసారి చదివినా ఊరు మారలేదు. కొలిమిపల్లె పేరు ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. ముప్పై ఎనిమిదేళ్ల క్రితం ఆనకట్ట గేట్లు దించిన ఏడాది వాకిళ్లూ కళ్లాలూ బావులతో సహా ఊరంతా జలాశయంలో మునిగిపోయింది. ఆమె పనిచేస్తున్న కొత్తబురుజులో ముసలివాళ్లు కొందరు అక్కడినుంచి మూటలతో వచ్చినవాళ్లే.

సమదర్శి సంగతి ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. అంతకుముందు ఆ శాఖలో బదిలీలు సిఫారసు ఉత్తరాల మీద నడిచేవి. గుండెజబ్బు ఉన్న టీచరు అడవి పల్లెలోనూ, ఆయన గుండె ఎక్స్‌రే తనదని చూపించిన టీచరు పట్నంలోనూ ఉండేవారు. ఇది అన్యాయమని అందరూ ఒప్పుకున్నారు. మనిషి ఉన్నచోట పక్షపాతం ఉంటుంది గనుక మనిషినే తీసేస్తే సరిపోతుందని పెద్దలు తేల్చారు. అలా వచ్చింది సమదర్శి అనే కంప్యూటరు వ్యవస్థ. ప్రతి ఊరి గురించీ నూటపన్నెండు విషయాలు చూస్తుంది. ఎక్కడ రోడ్డు లేదు, ఎక్కడ కరెంటు లేదు, ఎక్కడ టీచరు అడుగుపెట్టి ఎన్నేళ్లయింది, అన్నీ కూడి మార్కులు వేస్తుంది. అందరికంటే వెనకబడిన ఊరికి అందరికంటే మంచి టీచరును పంపుతుంది. ఈ సూత్రంలో తప్పు పట్టడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు. శిక్షణ తరగతిలో ఇది విని దస్తగిరమ్మ కూడా చప్పట్లు కొట్టింది.

ఆ లెక్కన చూస్తే కొలిమిపల్లెకు పోటీ లేదు. ముప్పై ఎనిమిదేళ్లుగా టీచరు లేడు. రోడ్డు లేదు. ఒక్క బల్బు వెలగడం లేదు. అక్షరాస్యుడు ఒక్కడూ లేడు. నూటపన్నెండు విషయాల్లో ఆ ఊరు బాగున్నది ఒక్కదానిలోనే: నీటి సౌకర్యం. ఇక మంచి టీచరు ఎవరా అని వెతికితే, తొమ్మిదేళ్లలో తల్లి చనిపోయినప్పుడు నాలుగు రోజులు తప్ప సెలవు పెట్టని దస్తగిరమ్మ దొరికింది. అరవై ఒక్కమంది పిల్లల్ని ఒక్కతే నెట్టుకొస్తున్నందుకు ఆమెకు నూటికి తొంభై ఎనిమిది వేసింది సమదర్శి. అంత బాగా పనిచేయడం ఆమె చేసిన పొరపాటు.

మర్నాడు పొద్దున్నే మండల విద్యాధికారి చంద్రమౌళి ఆఫీసుకు వెళ్లింది. ఆయన ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఏ కాగితాన్నీ తన దగ్గర రెండు రోజులకు మించి ఉంచుకోలేదు. పైది కిందికి, కిందిది పైకి పంపించి సంతకంలో చుక్క పెట్టేవాడు.

"సార్, కొలిమిపల్లె నీళ్లల్లో ఉండాది," అంది దస్తగిరమ్మ.

"జలప్రభావిత ప్రాంతం అనండమ్మా. నీళ్లలో ఉంది అంటే భావోద్వేగం ధ్వనిస్తుంది."

"ప్రభావితమేంది సార్, మునిగిపోయింది. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడే మునిగిపోయింది."

చంద్రమౌళి కంప్యూటరు తెరను ఆమె వైపు తిప్పాడు. అందులో ఒక ఆకుపచ్చ చుక్క మెరుస్తోంది. "ఇదిగో, ఇక్కడుంది కదా."

"చుట్టూరా నీలం రంగు ఏంది సార్?"

ఆయన తెరకు దగ్గరగా వంగి చూశాడు. "అది బ్యాక్‌గ్రౌండు," అన్నాడు.

"ఊరు లేదని మీరే ఒక ముక్క రాసి పంపండి సార్."

"ఊరు లేదని చెప్పే అధికారం మండల స్థాయికి లేదమ్మా. ఉందని చెప్పడానికి మాత్రమే ఉంది. మీకు అభ్యంతరం ఉంటే విన్నపం పెట్టుకునే వెసులుబాటు కల్పించారు. ఫోనులోనే పెట్టండి."

దస్తగిరమ్మ అక్కడే కూర్చుని విన్నపం పెట్టింది. అభ్యంతరానికి కారణం ఏమిటని అడిగి నాలుగు మాటలు చూపించింది ఫోను: దూరం, అనారోగ్యం, కుటుంబం, ఇతరములు. ఆమె ఇతరములు నొక్కింది. పన్నెండు అక్షరాలలో వివరించమంది. "ఊరు నీళ్లలో ఉంది" అని రాసి పంపింది. నాలుగు సెకన్లలో జవాబు వచ్చింది.

"మీ విన్నపాన్ని అన్ని కోణాల నుంచి సానుభూతితో పరిశీలించి తిరస్కరించడమైనది. మీ సణుగుడు సూచీ మూడు పాయింట్లు పెరిగినదని గమనించగలరు."

"దీన్ని ఎవరు చూసినారు సార్?"

"సమదర్శే చూస్తుందమ్మా."

"నేను ఎవరిమీద చెప్పుకున్నానో వాళ్ల చేతికే ఇచ్చినారా?"

"ఆ విషయం దానికంటే బాగా తెలిసినవాళ్లు ఎవరున్నారు చెప్పండి?" అన్నాడు చంద్రమౌళి. ఆయన ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగాడు.

సాయంత్రం ఆర్టీసీలో డ్రైవరుగా ఉన్న ఆమె భర్త లింగన్న, "పోకుంటే ఏమైతాది?" అన్నాడు. మూడు రోజులు పోకపోతే గైర్హాజరు. ఏడు రోజులు పోకపోతే నోటీసు. పదిహేను రోజులు దాటితే ఉద్యోగాన్ని సంతోషంగా వదులుకున్నట్టు సమదర్శి రాసుకుంటుంది. అది విని లింగన్న, "నీకు ఈత రాదే," అన్నాడు. ఆ మాటకు ఆమె నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

జలాశయం ఒడ్డున బెస్తవాళ్ల గుడిసెలు పదిహేను దాకా ఉన్నాయి. వాళ్లు ఆ ప్రాంతంవాళ్లు కారు. శ్రీకాకుళం తీరంనుంచి చేపల వేటకు వచ్చి, నీలిరంగు పట్టాలు కప్పుకుని అక్కడే ఉండిపోయినవాళ్లు. అందులో నూకరాజు అనే నడివయసువాడు దస్తగిరమ్మ ఫోనులోని ఆకుపచ్చ చుక్కను, ఎదురుగా ఉన్న నీళ్లను మార్చి మార్చి చూశాడు.

"అక్కడికి నాను రోజూ ఎల్తాను గదండి. బొచ్చె సేపలు బాగా పడతాయి. కింద గోడలున్నాయి, వొలలు సిరిగిపోతాయి. పన్నెండు బారల లోతుంటాదండి. అక్కడేటుందని ఎల్తారు మేడమ్‌గారూ?"

"నా బడి ఉంది," అంది దస్తగిరమ్మ.

నూకరాజు పడవలో ఒక పలక తుడిచి కూర్చోమన్నాడు. లారీ ట్యూబు ఒకటి తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

గంట ప్రయాణం. దారి పొడుగునా ఆమె రెండు చేతులతో పలకను పట్టుకునే ఉంది. చుక్కకు యాభై మీటర్ల లోపలికి వచ్చాక ఫోను, "స్వాగతం, మీరు బడి ఆవరణలో ఉన్నారు," అంది. మొహం చూపించమంది. కళ్లు ఆర్పమంది. పడవ ఊగుతుంటే మొహం మూడుసార్లు తెరలోంచి జారిపోయింది. నాలుగోసారి హాజరు పడింది. తర్వాత బడి ఫొటో, మరుగుదొడ్డి ఫొటో పంపమంది. ఆమె కుడివైపు నీళ్లను ఒకటి, ఎడమవైపు నీళ్లను ఒకటి తీసి పంపింది. నాలుగు సెకన్లలో జవాబు వచ్చింది. "ఆవరణ: చెత్త లేదు. మరుగుదొడ్డి: నీరు సమృద్ధిగా ఉంది. ఉత్తమం."

సాయంత్రం నాలుగుకు మళ్లీ మొహం చూపించాలి. నడుమ ఎప్పుడైనా అడగవచ్చు గనుక ఒడ్డుకు వెళ్లి రావడానికి వీల్లేదు. నూకరాజు వల వేసుకుంటుంటే, దస్తగిరమ్మ గొడుగు పట్టుకుని ఏడు గంటలు పిల్లలు లేని బడికి కాపలా కాసింది. ఆ మర్నాడూ అంతే. ఆ నెలంతా అంతే.

ఆమెను నీళ్లకంటే ఎక్కువ భయపెట్టింది కొత్తబురుజు. ఆమె స్థానంలోకి ఎవరూ రాలేదు. తొమ్మిదేళ్లపాటు ఉత్తమ బోధన అనుభవించిన గ్రామం గనుక మరికొన్నేళ్లు ఓపిక పట్టడమే న్యాయమని సమదర్శి తేల్చింది. బడిలో మధ్యాహ్న భోజనం వండే కుళ్లాయమ్మ తలుపు తీసి పిల్లల్ని కూర్చోబెడుతోంది. వారానికొకసారి ఫోను చేసేది.

"మేడం, పిల్లోల్లు వస్తాండారు. ఊరికే కూచోబెట్టలేక నాకొచ్చింది చెప్తాండా."

"ఏం చెప్తాండావు?"

"లెక్కలు చెప్పినా. అరవై ఒక్కమందికి ఎన్ని గుడ్లు, పగిలినవి మూడు పోతే ఎన్ని, అట్లా."

ఆగస్టులో చేసినప్పుడు, "ఇప్పుడు నలభై నాలుగు గుడ్లే మేడం," అంది. దసరా సెలవులయ్యాక ముప్పై మూడంది. మిరపకోతలకు వెళ్లే తల్లిదండ్రులు, బడిలో చెప్పేవాళ్లు లేనప్పుడు పిల్లల్ని ఇక్కడ వదలడమెందుకని వెంట తీసుకుపోతున్నారు. దస్తగిరమ్మ ఈ సంగతి రాసి మరో విన్నపం పెట్టింది. సణుగుడు సూచీ ఇంకో మూడు పెరిగింది.

డిసెంబరులో కొలిమిపల్లె పాఠశాలకు రాష్ట్రస్థాయిలో మొదటి స్థానం వచ్చింది.

అందులో వింతేమీ లేదు. బడి మానేసిన పిల్లలు సున్నా. చదవడం రాని పిల్లలు సున్నా. దెబ్బలు తిన్నవాళ్లు, భోజనం బాగాలేదన్నవాళ్లు, ఆటస్థలంలో పడి మోకాలు చీరుకున్నవాళ్లు అందరూ సున్నా. అరవై ఒక్కమంది ఉన్న బడిలో ఇన్ని సున్నాలు సంపాదించడం ఎవరితరమూ కాదు.

సన్మానం జిల్లా కేంద్రంలో జరిగింది. రాజధానినుంచి నిష్పాక్షికతా విభాగం సంచాలకుడు పినాకపాణి వచ్చాడు. సమదర్శి మీద ఆయన విదేశాల్లో కూడా ఉపన్యాసాలు ఇచ్చాడు. దస్తగిరమ్మకు శాలువా కప్పి, మైకు ముందే అడిగాడు.

"అమ్మా, ముప్పై ఎనిమిదేళ్లు విద్యాగంధం సోకని గ్రామంలో ఆరు నెలల్లో నిరక్షరాస్యతను నిర్మూలించారు. మీ విజయ రహస్యం ఏమిటో నలుగురికీ చెప్పండి."

"అక్కడ పిల్లోల్లు లేరు సార్," అంది దస్తగిరమ్మ.

పినాకపాణి సభవైపు తిరిగాడు. "వినయం చూశారా. తన బడిలో 'పిల్లలు' అనే భేదం లేదంటున్నారు. అందరూ పౌరులే." సభ చప్పట్లు కొట్టింది. చంద్రమౌళి అందరికంటే ఎక్కువసేపు కొట్టాడు.

శాలువా తీసుకుని ఇంటికి వచ్చిన రోజు దస్తగిరమ్మకు మొదటిసారి ఏడుపు వచ్చింది. సన్మానం జరిగినందుకు కాదు. కుళ్లాయమ్మ మళ్లీ ఫోను చేసి ఇరవై ఆరు గుడ్లంది.

తర్వాతి సోమవారం రేవుకు వెళ్లేసరికి నూకరాజు కూతురు పైడమ్మ పడవలో కూర్చుని ఉంది. తొమ్మిదేళ్లుంటాయి. టీచరు సంచిలోంచి తొంగిచూస్తున్న పుస్తకం అట్టను వేలితో తడుముతోంది. ఆ గుడిసెల్లో బడి ఈడు పిల్లలు పద్నాలుగుమంది ఉన్నారని, ఒక్కరూ బడి మొహం చూడలేదని దస్తగిరమ్మకు ఆరు నెలలుగా తెలుసు. ఆ గుడిసెలు సమదర్శి పటంలో లేవు. ఊరు ఉన్నచోట నీళ్లు, మనుషులు ఉన్నచోట ఖాళీ. ఇన్నాళ్లూ ఆ పిల్లలను చూస్తూ కూడా తను చేసిందేమిటని ఆమెకు అప్పుడు సిగ్గేసింది.

"నూకరాజూ, ఈ పిల్లోల్లనంతా నాతో పంపిస్తారా?"

"ఎక్కడికండి?"

"బడికి."

నూకరాజు నవ్వాడు. "ఈల్లు నడక రాకముందే ఈతకొట్టినోల్లండి. భయం నేదు. మీకే ఈత రాదు."

మూడు పడవలను పక్కపక్కన కట్టి, మీద పలకలు పరిచారు. పిల్లలు వలల మీద కూర్చునేవారు. పైడమ్మ మొదటి వారంలోనే తన పేరు రాసి, తండ్రి పడవ అంచున మేకుతో చెక్కింది. ఎక్కాలు అరుస్తుంటే చేపలు బెదిరిపోతున్నాయని నూకరాజు ఒకరోజు సణిగి, మరుసటి రోజునుంచి తను కూడా పెదవులు కదపడం మొదలుపెట్టాడు. దస్తగిరమ్మ పడవ పలకను పట్టుకోవడం మానేసింది. నల్లబల్లకు ఒక చేయి, సుద్దముక్కకు ఒక చేయి కావాలి గదా.

జనవరి చివర ఆమె ఒక న్యాయమైన పని చేసింది. పద్నాలుగు పేర్లనూ కొలిమిపల్లె బడిలో నమోదు చేసింది.

నాలుగు సెకన్లలో ఆ బడి మొదటి స్థానంనుంచి అట్టడుగుకు జారింది. నిన్నటిదాకా చదవడం రానివాడు ఒక్కడూ లేని బడిలో ఇవాళ పద్నాలుగుమంది తేలారు. అంతేకాక, జనాభా సున్నాగా ఉన్న గ్రామంలో పద్నాలుగుమంది పిల్లలు ఎక్కడినుంచి వచ్చారు? "దొంగ నమోదులు: అనుమానం తీవ్రం. సణుగుడు చరిత్ర గల ఉద్యోగి," అని సమదర్శి రాసింది. శాలువా ఇచ్చిన చేతులతోనే విచారణ సంఘం వేశారు. దానికి అధ్యక్షుడు పినాకపాణి.

రేవు దగ్గర టెంటు వేసి, మూడు కుర్చీలు వేశారు. నడిమి కుర్చీలో పినాకపాణి. ఒక పక్క చంద్రమౌళి. మూడో కుర్చీలో ఒక ల్యాప్‌టాపు పెట్టారు, సమదర్శి కూడా సంఘంలో సభ్యురాలే గనుక. అందరితో పాటు దాని ముందూ ఒక నీళ్ల సీసా ఉంచారు. నూకరాజు, గుడిసెలవాళ్లు, వాళ్ల పిల్లలు దూరంగా ఇసుకలో కూర్చుని వింటున్నారు.

"జనాభా సున్నా అని రికార్డు చెబుతోంది. మీరు పద్నాలుగు అంటున్నారు. ఎవరిని నమ్మాలి?" అన్నాడు పినాకపాణి.

"ఆడ్నే కూచోనుండారు సార్, లెక్కపెట్టుకోండి."

"కళ్లతో లెక్కించడం ఆత్మాశ్రయ పద్ధతి అమ్మా. చూసేవాడినిబట్టి మారిపోతుంది."

దస్తగిరమ్మ ఓపిక పట్టింది. "సరే సార్. నేనొకటి అడుగుతా. నీళ్లల్లోని ఊరికి నన్ను పంపింది ఎవరు? ఒక్క పేరు చెప్పండి చాలు."

పినాకపాణి ఈ ప్రశ్నకు నొచ్చుకోలేదు. ఇది ఆయనకు ఇష్టమైన విషయం. "చాలా మౌలికమైన ప్రశ్న. నిర్ణయం సమదర్శిది. కానీ సమదర్శి తనకిచ్చిన వివరాలనుంచే నేర్చుకుంటుంది. వివరాలు ఇచ్చింది పాత గుమాస్తాలు, వారు కీర్తిశేషులు. తయారుచేసిన కంపెనీ ఫలితాలకు హామీ ఇవ్వలేదు. మా విభాగం నిష్పాక్షికతను మాత్రమే చూస్తుంది. అది నిష్పాక్షికంగానే ఉంది. మీ స్థానంలో ఎవరున్నా అక్కడికే పంపేది."

"నేను ముందుకు పంపాను, అంతే," అన్నాడు చంద్రమౌళి, ఎవరూ అడగకపోయినా.

"అంటే ఎవరూ పంపలేదా సార్?"

"బాధ్యత అనేది ఒక వ్యక్తిలో నివసించదమ్మా. వ్యవస్థ అంతటా వ్యాపించి ఉంటుంది."

"గాలి మాదిరి."

"సరిగ్గా చెప్పారు."

"మరి శిక్ష కూడా గాలికే వేస్తారా సార్?"

"శిక్షకు ఒక చిరునామా అవసరం కదా," అన్నాడు పినాకపాణి జాలిగా. "మొదటి రోజు మీరు ఫోనులో 'నిబంధనలకు అంగీకరిస్తున్నాను' అని నొక్కారు. రికార్డులో వేలు పెట్టిన మనిషి మీరొక్కరే."

ఆ తర్వాత స్థల పరిశీలన. బడి దగ్గర పిల్లలు నిజంగా ఉంటున్నారో లేదో అక్కడికే వెళ్లి నిర్ధారించాలని నిబంధన. చంద్రమౌళి తనకు జలుబు చేసిందని ఒడ్డునే ఉండిపోయాడు. పినాకపాణి నారింజరంగు రక్షణ చొక్కాలు రెండు తొడుక్కుని పడవెక్కాడు. ముందు పడవలో నూకరాజు, దస్తగిరమ్మ, సంచాలకుడు. వెనక తాడు కట్టి లాగుతున్న పడవల పలకల మీద పిల్లలు.

చుక్క దగ్గరికి చేరేసరికి పదకొండయింది. పిల్లలు అలవాటుగా రాసే పలకలు తీశారు. పినాకపాణి పద్నాలుగు తలలనూ ఫోనులో చూపించి సమదర్శికి పంపాడు. నాలుగు సెకన్లలో ఆయన ఫోను మోగింది. చదివి నవ్వాడు. మళ్లీ చదివాడు. ఈసారి నవ్వలేదు.

"ఏమైంది సార్?" అంది దస్తగిరమ్మ.

ఆయన ఫోను ఆమెకిచ్చాడు. "అభినందనలు. కొలిమిపల్లెలో చదవడం రాని పిల్లలు పద్నాలుగుమంది, టీచరు ఒక్కరే ఉన్నట్టు గుర్తించడమైనది. అత్యున్నత అర్హతలు కలిగి, పనివేళల్లో ఆ ఆవరణలో ఖాళీగా ఉన్న ఉద్యోగి మీరే. మిమ్మల్ని రెండో ఉపాధ్యాయునిగా నియమించడమైనది. మీరు ఇప్పటికే అక్కడ ఉన్నందున విధుల్లో చేరినట్టుగా భావించడమైనది."

పినాకపాణి విన్నపం పెట్టుకున్నాడు. కారణం దగ్గర ఇతరములు నొక్కాడు. అన్ని కోణాల నుంచి సానుభూతితో పరిశీలించి తిరస్కరించడమైనదని జవాబు వచ్చింది. ఆయన రాజధానిలోని తన ఆఫీసు నంబరు కలిపాడు. ఫోను చెవికి పెట్టుకున్నాడు.

"హలో, విశ్వేశ్వర్. నేనయ్యా. పడవలో ఉన్నాను. కాదు, విహారం కాదు. ఊరు లేదయ్యా ఇక్కడ, నీళ్లున్నాయి. అవును, నాకు తెలుసు. అది తర్వాత. నా పేరు తెరువు. కింద కుడివైపు ఎర్రది ఒకటి ఉంటుంది చూడు. ఆ, అదే. నొక్కు."

నిమిషం తిరగకుండా ఫోను మోగింది. నియామకం రద్దయింది. పినాకపాణి ఊపిరి వదిలి, పై రక్షణ చొక్కా ముడి వదులు చేసుకున్నాడు.

ఎనిమిది నెలలు, ఎండలో గొడుగు, ఇరవై ఆరు గుడ్లు, అన్నీ దస్తగిరమ్మ కళ్లముందు ఒక్కసారిగా తిరిగాయి.

"సార్, ఆ ఎర్రది మొదట్నించీ ఉండాదా?"

"అది అత్యవసర పరిస్థితులకు ఉద్దేశించినది."

"ఎవరి అత్యవసరం సార్?"

పినాకపాణి ఆ మాట విననట్టు నూకరాజు వైపు తిరిగాడు. "ఇక పోనివ్వవయ్యా."

నూకరాజు తెడ్డు నీళ్లలోంచి తీసి, ఒళ్లో పెట్టుకుని తుడవసాగాడు. "ఎలాగెల్తానండి. నానే నిర్నయం తీసుకుంటే పచ్చపాతం అయిపోద్ది గదండి."

"ఏమిటి నువ్వనేది?"

"గాలి ఎటు తోస్తే అటెల్తాదండి పడవ. బాద్దెత గాలిదని తమరే సెప్పేరు. ఇయ్యాల గాలి నేదు."

నిజంగానే గాలి లేదు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. పినాకపాణి దస్తగిరమ్మ వైపు చూశాడు. ఆమె నూకరాజును ఆపమనలేదు, పొమ్మనీ అనలేదు. ఇంత నీటి నడుమ తనకు భయం వేయడం లేదని మాత్రం గమనించింది.

తనను తిరిగి కొత్తబురుజుకు పంపమని అడగాలని నోటిదాకా వచ్చింది. తొమ్మిదేళ్ల బడి. నడిచి వెళ్లే దూరంలో ఇల్లు. పక్క పడవలో పైడమ్మ పలక మీద ఏదో రాసి తుడిచి మళ్లీ రాస్తోంది. తను వెళ్లిపోతే ఈ రేవుకు మరో టీచరు రావడానికి ఇంకెన్నేళ్లు పడుతుందో ఆమె లెక్కకట్టగలదు. మాటను మింగేసింది.

"సార్, ఆ ఎర్రదాన్ని ఇంకో రెండుసార్లు నొక్కమనండి. కొత్తబురుజుకు ఒక టీచరును పంపాల. ఈ ఆకుపచ్చ చుక్కను తీసి ఒడ్డున గుడిసెలకాడ పెట్టాల. ఈ పద్నాలుగు పేర్లు అట్లే ఉండాల."

"అలా చేస్తే వ్యవస్థ నిష్పాక్షికత దెబ్బతింటుందమ్మా."

"ఇప్పుడే ఒకసారి దెబ్బ తిన్నది గదా సార్. బాగానే ఉండాది."

ఎండ ఎక్కింది. నూకరాజు తెడ్డు తుడవడం అయిపోయి రెండో వైపు మొదలుపెట్టాడు. పినాకపాణి నీళ్ల సీసా ఒడ్డునే ఉండిపోయింది. పావుగంట గడిచాక ఆయన మళ్లీ ఫోను తీశాడు. విశ్వేశ్వర్ టీకి వెళ్లాడు. వచ్చేదాకా అందరూ వేచి ఉన్నారు. పిల్లలు ఆలోగా తొమ్మిదో ఎక్కం పూర్తిచేశారు.

మరికొంతసేపటికి దస్తగిరమ్మ ఫోను గుర్రుమంది. "మీరు బడి ఆవరణ బయట ఉన్నారు. గైర్హాజరు." గైర్హాజరు పడినందుకు ఆమె సంతోషించడం ఉద్యోగంలో చేరాక అదే మొదలు. పడవ దానంతట అదే అన్నట్టు ఒడ్డువైపు తిరిగింది.

విచారణ నివేదిక నలభై పేజీలు వచ్చింది. సమదర్శి తన లోపాన్ని తానే గ్రహించి, తానే సరిదిద్దుకున్నదని, ఇటువంటి ఆత్మవిమర్శ మనుషుల్లో అరుదని అందులో రాశారు. బాధ్యులు అన్నచోట ఒక గీత గీశారు.

కొత్తబురుజుకు సోమవారమే కొత్త టీచరు వచ్చింది. నెల తిరిగాక కుళ్లాయమ్మ ఫోను చేసి, "నలభై తొమ్మిది గుడ్లు మేడం," అంది. మిగతా పన్నెండుమంది మిరపచేలనుంచి తిరిగి రాలేదు. వాళ్ల పేర్లు దస్తగిరమ్మకు వరసగా గుర్తున్నాయి. ఒక కాగితం మీద రాసి చంద్రమౌళికి ఇచ్చింది. ఆయన దాన్ని పైకి పంపాడు.

మార్చిలో ఒడ్డున, పట్టా కప్పిన పందిరి కింద బడి జరుగుతుండగా ఒక సర్క్యులరు వచ్చింది. పైడమ్మకు ఇప్పుడు అచ్చు కనిపిస్తే చదవకుండా ఉండలేని జబ్బు పట్టుకుంది. కాగితం లాక్కుని నిలబడి, వేలు పెట్టి ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ చదివింది.

"ఇటీవలి... విచారణలో... వెలుగుచూసిన... ఎర్ర బటను... దుర్వినియోగం... దృష్ట్యా... ఇకపై... మానవ... ప్ర... ప్రమే..."

పిల్ల అక్కడ ఆగిపోయింది. నాలుగుసార్లు ప్రయత్నించింది. "ఇదేటి మేడమ్‌గారూ? నోరు తిరగట్లేదండి."

దస్తగిరమ్మ వంగి ఆ మాటను చూసింది.

"ఆ మాట ఒదిలెయ్," అంది. "తర్వాతది చదువు."

పైడమ్మ వేలును ముందుకు జరిపి, గట్టిగా, తప్పు లేకుండా చదివింది. "తొలగించడమైనది."